పిన్ని మూడో మనిషి కాదట!

మాది శంషాబాదు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మా ఇంటి సంగతి మీకు సగం తెలిసిపోయినట్టే. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికి వచ్చాయి. ఆ తర్వాత ఆరేళ్ళకి మేం ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం. అంతే! అప్పటిదాకా శుభలేఖ పోస్టులో వేసి ఊరుకునే బంధువులందరికీ మా మీద ఒక్కసారిగా అభిమానం పొంగుకొచ్చింది. గుంటూరు నించి, ఖమ్మం నించి, తెనాలి నించి, పిల్లల్ని అమెరికా పంపించేవాళ్ళూ, అమెరికా నించి దిగే పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళూ... అందరికీ మా ఇల్లే సత్రం, మా కారే పల్లకీ. రాత్రి పప్పూ అన్నం పెట్టడం నా వంతు, అర్ధరాత్రి విమానాశ్రయంలో దింపడం మా వారి వంతు. ఇందులో నాకేమీ విచారం లేదు. నవలలు రాసుకునేదాన్ని, ఇన్ని కథలు వాటంతటవే నడిచి ఇంటికొస్తుంటే కాదంటానా?

ఇంతకీ నేను రాయబోయేది చుట్టాల గురించి కాదు. కారు ఇన్సూరెన్సు గురించి. అలా పేజీ తిప్పెయ్యకండి! నేనూ మీలాంటిదాన్నే. బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదువుకున్నదాన్ని. నా నవలల్లో కథానాయకులందరికీ ఇన్నేళ్ళుగా ఉదారంగా కార్లు ఇస్తూ వచ్చాను గాని, ఒక్కడికైనా ఇన్సూరెన్సు ఉందా అని ఏనాడూ ఆలోచించలేదు. మూడు నవలల్లో కారు ప్రమాదాలు కూడా చేయించాను. కథానాయికకి జ్ఞాపకశక్తి పోయింది, తిరిగొచ్చింది, పెళ్ళయింది. ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారన్న ప్రశ్న మాత్రం నాకూ రాలేదు, చదివినవాళ్ళకీ రాలేదు.

రెండేళ్ళ క్రితం వచ్చింది.

అప్పటికి మా కారుకి తొమ్మిదేళ్ళు. కారు నా పేరు మీద ఉంది. నాకు డ్రైవింగు రాదు. మరి నా పేరు మీద ఎందుకుందీ అంటే, మా వారి జాతకానికి వాహనం అచ్చిరాదని సిద్ధాంతిగారు చెప్పారు, మా అత్తగారు పట్టుబట్టారు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

పాలసీ గడువు ఇంకో నెల ఉందనగా ఫోన్లు మొదలవుతాయి. మా పెళ్ళిరోజు మా వారికి గుర్తుండదు గాని, మా కారు పాలసీ తేదీ ఊరూ పేరూ తెలియని ఇరవై మంది కుర్రాళ్ళకి గుర్తుంటుంది! “మేడమ్, మీకోసం బెస్టు రేటు ఉంది మేడమ్” అంటారు. మా వారు ఆ నెల రోజులూ మహా ఉత్సాహంగా ఉంటారు. కూరగాయల దగ్గర రూపాయి బేరం ఆడ్డానికి మొహమాటపడే మనిషి, ఇన్సూరెన్సు దగ్గర మాత్రం అపర చాణక్యుడు. భోజనాలయ్యాక సెల్‌ఫోను పట్టుకుని కూర్చుని ఒక్కొక్క కంపెనీ రేటూ నాకు చదివి వినిపించారు. ఒకడు 11,200 అన్నాడు. ఇంకొకడు 9,600. మరొకడు 7,400. వేలంపాట తిరగేసి పాడినట్టు రేటు దిగుతూ ఉంటే ఆయన మొహం వెలుగుతూ వచ్చింది.

మర్నాడు కారు మెకానిక్కు ఆ వెలుగు ఇంకాస్త పెంచాడు. “పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు సార్? థర్డ్ పార్టీ కట్టుండ్రి. పోలీసోళ్ళు ఆపితే సూపెట్టనీకి గది చాలు.”

థర్డ్ పార్టీ ఎంతయిందో లెక్క చెబుతాను. 1000 సీసీ దాటి 1500 సీసీ లోపల ఉన్న సొంత కారుకి 2022 జూన్ నించి అమల్లోకొచ్చిన రేటు 3,416 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ. వెరసి 4,031. ఇది ప్రభుత్వం నిర్ణయించే రేటు. ఏ కంపెనీ గుమ్మం ఎక్కినా పైసా తేడా ఉండదు. బేరమంతా రెండో సగంలో, అంటే మన కారుకి జరిగే నష్టానికి కట్టే దాంట్లోనే. 2007 జనవరి 1 దాకా అదీ టారిఫ్ ప్రకారమే నడిచేది. మా నాన్నగారి కాలంలో బేరమన్నది లేనే లేదు. 1973లో నూట ఏడు బీమా సంస్థల్ని జాతీయం చేసి నాలుగు కంపెనీలుగా కూర్చారు. ఏడాదికోసారి ఒకాయన సైకిలు మీద వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, స్కూటరుకి కాగితం రాసిచ్చి వెళ్ళేవాడు. అందులో ఏముందో నాన్నగారూ చదవలేదు. ఆ కాలం బంగారమని నేననడం లేదు.

సరే, 7,400 లోంచి 4,031 తీసేస్తే 3,369 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బుతో నాకు చీర కొంటానన్నారు మా వారు. కొనలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆగస్టులోనే మా తెనాలి పిన్ని వచ్చింది. మనవణ్ణి అమెరికా చదువుకి సాగనంపడానికి. పిన్నికి అరవై ఎనిమిదేళ్ళు. మా అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే ఆవిడే. రెండు పెద్ద పెట్టెలు, ఆవకాయ సీసాల మూటలు, తూకం ఎక్కువైందని విమానాశ్రయం గుమ్మంలో పెట్టె తెరిచి కందిపొడి బయటికి తీయడం, పిన్ని ఏడవడం, కుర్రాడు సిగ్గుపడ్డం... శంషాబాదులో ప్రతి రాత్రీ జరిగే నాటకమే, అన్ని అంకాలూ సక్రమంగా జరిగాయి. కుర్రాడు లోపలికి వెళ్ళాడు. రెండు గంటల వేళ తిరుగుముఖం పట్టాం. ముందు సీటులో మా వారూ, తమ్ముడూ. అంటే పిన్ని కొడుకు. వెనక నేనూ పిన్నీ. బెల్టు పెట్టుకోమంటే “ఇంత దూరానికి ఎందుకే, ఊపిరాడదు” అంది. నేనూ పెట్టుకోలేదు. నిజం చెప్పాలి కదా.

హైవే మీదికి వచ్చాక కుక్క అడ్డొచ్చింది. మా వారు స్టీరింగు తిప్పారు. కారు డివైడరుకి కొట్టుకుంది.

ముందు కూర్చున్న ఇద్దరికీ గీతలు పడ్డాయి. నాకు నుదురు బొప్పి కట్టింది. పిన్నికి తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. పదకొండు రోజులు ఆస్పత్రి. బిల్లు 3,40,000 రూపాయలు. మనవడి రెండో సెమిస్టరు ఫీజుకని దాచిన డబ్బులోంచి తమ్ముడు రెండు లక్షలు తీశాడు. మిగతాది సీరియల్ తాలూకు డబ్బుంటే నేనిచ్చాను.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను చేశాను. పాపం ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

“మేడమ్, మీది థర్డ్ పార్టీ పాలసీ మేడమ్.”

“అవునమ్మా, అందుకే చేశాను. దెబ్బ తగిలింది నాకు కాదు, మా పిన్నికి.”

“ఆవిడ ఎక్కడున్నారు మేడమ్, రోడ్డు మీదా?”

“లేదమ్మా, మా కారులోనే.”

“అయితే ఆవిడ థర్డ్ పార్టీ కాదు మేడమ్.”

“మరెవరు?”

“అక్యుపెంట్ మేడమ్.”

ఎంతసేపు ఆలోచించానో ఆ మాట గురించి! మొదటి మనిషి ఇన్సూరెన్సు కొన్న మనం. రెండో మనిషి కంపెనీ. మూడో మనిషి అంటే ఈ ఇద్దరూ కాని లోకమంతా అనుకున్నాను నేను. భాష తెలిసిన ఎవరైనా అలాగే అనుకుంటారు. కాదట! సొంత కారుకి చట్టం ఒప్పుకునే కనీసపు పాలసీ ఏదుందో, దాని దృష్టిలో రోడ్డు మీద నడిచేవాడు మూడో మనిషి, ఎదురు బండిలోవాడు మూడో మనిషి. మన కారులో డబ్బివ్వకుండా, ప్రేమ కొద్దీ ఎక్కి కూర్చున్న పిన్ని మాత్రం ఎన్నో మనిషీ కాదు. అదే ఆవిడ ఆ రాత్రి కారు దిగి రోడ్డు దాటుతూ ఉండగా మా కారే ఆవిణ్ణి గుద్ది ఉంటే నష్టపరిహారం వచ్చేది. లోపల కూర్చుంది గనక రాదు!

తెలిసిన లాయరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, “పరిహారం కావాలంటే కేసు వెయ్యొచ్చమ్మా, కారు యజమాని మీద” అన్నారు. కారు యజమాని ఎవరు? నేను! మా పిన్ని నా మీద కేసు వెయ్యాలి. నన్ను బడికి దింపి వచ్చిన పిన్ని, నా మొదటి కథ అచ్చయితే తెనాలి వీధిలో పదిమందికి చూపించిన పిన్ని. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక ఆవిడతో చెబితే, “చాల్లే, నోరు ముయ్యండి” అని అటు తిరిగి పడుకుంది. మా వారు ఆ తర్వాత ఆరు నెలలు రాత్రిపూట కారు తియ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మేం కాలదన్నుకున్న ఆ 7,400 రూపాయల పాలసీ ఉంది చూశారూ, దాన్ని ప్యాకేజీ పాలసీ అంటారు, కాంప్రహెన్సివ్ అని కూడా అంటారు. అది తీసుకుని ఉంటే, నడిపినవాడి పొరపాటని తేలిన మీదట, కారులో కూర్చున్నవాళ్ళ పరిహారం కంపెనీ మోసేది. సొంత కారు ప్యాకేజీ పాలసీ కింద లోపల కూర్చున్నవాళ్ళ బాధ్యత కంపెనీలదేనని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలన్నిటికీ స్పష్టం చేసింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఆ తేడానే ఖాయం చేసింది. యాక్ట్ పాలసీ వేరు, ప్యాకేజీ పాలసీ వేరు, మొదటిదానిలో కారులోవాళ్ళు రారు, రెండోదానిలో వస్తారు అని. అంటే పాత కారుకి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకన్న మెకానిక్కు మాటలో తప్పెక్కడుందో చూడండి. కారు పాతబడితే కారు విలువ తగ్గుతుంది. అందులో కూర్చున్న మనుషుల విలువ కూడా ఏడాదికింత తరుగు కింద పోతుందా? ఆ 3,369 రూపాయలూ కారు కోసం కాదు, వెనక సీటు కోసం. ఈ మాట అమ్మేవాడు చెప్పలేదు, కొనేవాడు అడగలేదు.

పొరుగున మద్రాసు హైకోర్టు ముందుకి అచ్చంగా ఇలాంటి కేసే వచ్చింది. ఉన్నది యాక్ట్ పాలసీ, పోయింది కారులో కూర్చున్న మనిషి. న్యాయమూర్తికి కడుపు మండినట్టుంది, 2021 ఆగస్టులో పెద్ద ఆజ్ఞే వేశారు. కొత్తగా అమ్మే ప్రతి బండికీ అయిదేళ్ళ పాటు యజమానీ డ్రైవరూ ప్రయాణికులూ అందరూ వచ్చేలా పూర్తి ఇన్సూరెన్సు తప్పనిసరి అన్నారు. కంపెనీలు అది ఇప్పట్లో కుదరదన్నాయి. కార్లు అమ్మేవాళ్ళు గగ్గోలు పెట్టారు. సెప్టెంబరులో ఆ ఆజ్ఞని వెనక్కి తీసుకున్నారు. నలభై రోజుల ముచ్చట! కారు ఖరీదుకి మరికొన్ని వేలు కలిస్తే అమ్మకాలు పడిపోతాయని భయం. సీటు కవర్లకీ, పాటల పెట్టెకీ పాతికవేలు ఖర్చు పెట్టేవాడు, ఆ సీటులో కూర్చునే మనిషికని మరికొంత పెట్టమంటే కారే కొనడం మానేస్తాడట. మన గురించి వ్యాపారుల అంచనా అది. ఆ అంచనా తప్పని చెప్పే ధైర్యం నాకూ లేదు.

ఇక నా పేరు సంగతికి వద్దాం. గుర్తు పెట్టుకోమన్నాను కదా! పాలసీలో ‘యజమాని-డ్రైవరు’కి ప్రమాద బీమా అని ఒక పద్దు ఉంటుంది. కార్లకి రెండు లక్షలే ఉండేది, 2018లో 15 లక్షలు చేశారు. చదవడానికి ఎంత బాగుందో చూడండి! కాని యజమానీ డ్రైవరూ ఒక్క మనిషే అయి ఉండాలి. బండి ఎవరి పేరునుందో వాళ్ళకే లైసెన్సు ఉండాలి. మా ఇంట్లో యజమానిని నేను, నాకు లైసెన్సు లేదు. లైసెన్సున్నది ఆయనకి, ఆయన యజమాని కాదు. ఏటేటా కొన్ని వందలు కట్టి కొన్న ఆ 15 లక్షల బీమా, అటు ఆయనకీ చెందక ఇటు నాకూ చెందక, మా ఇద్దరి మధ్యా గేరు రాడ్డు దగ్గర పడి ఉంది. లైసెన్సు లేనివాళ్ళు అది కట్టనక్కర్లేదని చెప్పినవాడు కూడా లేడు. ఆ రాత్రి స్టీరింగు ముందున్న ఆయనకేదైనా అయి ఉంటే... పోనివ్వండి, ఆ వాక్యం పూర్తి చెయ్యను.

ఇది చదువుతున్న ఆడవాళ్ళల్లో ఎంతమంది పేరున కార్లున్నాయో ఒక్కసారి చూసుకోండి. జాతకం కోసమో, బ్యాంకు లోను కోసమో, “అంతా నీదే కదోయ్” అని మురిపించడానికో మన పేరు రాయిస్తారు. కాగితం మీద యజమానులం. పాలసీ ఏది కొనాలో నిర్ణయించేటప్పుడు మాత్రం వంటింట్లో కాఫీ కలుపుతూ ఉంటాం. నేను అదే చేశాను. ఆయన రేట్లు చదివి వినిపిస్తుంటే “ఊఁ, ఊఁ” అన్నాను. కేసు వెయ్యాల్సి వస్తే మాత్రం ప్రతివాదిని నేనే!

మగవాళ్ళు మన బట్టల బేరం చూసి నవ్వుతారు. సుల్తాన్ బజార్లో ఒక్క చీరకి రెండు గంటలా అని. కాని మడత విప్పకుండా చీర కొన్న ఆడదాన్ని ఒక్కర్ని చూపించండి! పమిట చెంగు చూస్తాం, అంచు చూస్తాం, తిరగేసి చూస్తాం, రంగు పోతుందా అని కొంగు తడిపి చూస్తామంటే కొట్టువాడు ఒప్పుకోడు గనక ఊరుకుంటాం. ఇన్ని చూసి ఆ తర్వాత ధర అడుగుతాం. మరి ఈ మేధావులు ఇన్సూరెన్సు ఎలా కొంటారు? మడత మీదున్న చీటీ చూసి! ఏది తక్కువైతే అది. లోపల చీర ఉందో జాకెట్టు ముక్కే ఉందో చూసిన పాపాన పోరు.

చూసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు, కాని వాళ్ళు చూసేది బంపరు. మా కాలనీలో సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు వింటూ ఉంటాను. ప్లాస్టిక్కూ రబ్బరూ భాగాలకి సగం తరుగు కోస్తారు గనక ‘జీరో డెప్’ కలుపుకోవాలని ఒకాయన. నట్లూ బోల్టులూ ఆయిలూ కూడా వచ్చేలా రాయించుకున్నానని మరొకాయన. 2020 అక్టోబరు 13 రాత్రి వాన మా వాళ్ళెవరూ మర్చిపోలేదు. మా పక్కనే గగన్‌పహాడ్‌లో అప్పచెరువు తెగి బెంగుళూరు హైవే మీద పడింది. రోడ్డు కోసుకుపోయింది, బండ్లు కొట్టుకుపోయాయి, మనుషులు కొట్టుకుపోయారు. ఆ తర్వాత మా వీధిలో ఇన్సూరెన్సు గురించి మాట్లాడని ఇల్లు లేదు. నీళ్ళలో ఆగిన బండికి తాళం తిప్పి ఇంజను పాడుచేసుకుంటే మామూలు పాలసీ ఇవ్వదనీ, దానికి ‘ఇంజను ప్రొటెక్షన్’ వేరే కలపాలనీ పదో క్లాసు కుర్రాడిక్కూడా వచ్చేసింది. మంచిదే, తెలియాల్సిందే. కాని అంత ఘోరం చూసి కూడా మనం నేర్చుకున్నది ఇంజను గురించి! వెనక సీటు మాట ఆ నడకలో ఒక్కనాడూ నా చెవిన పడలేదు.

జీతమిచ్చి డ్రైవర్ని పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో చిన్న పద్దు ఉంటుంది. డ్రైవరుకి ఏదైనా అయితే యజమాని మోయవలసిన బాధ్యత కంపెనీకి అప్పగించేందుకు అయ్యేది యాభై రూపాయలు. అక్షరాలా యాభై. ధర తగ్గించమని మనం ఒత్తిడి చేస్తే ఇలాంటి పద్దులు ఎగిరిపోవడం ఎంతసేపు? బంపరుది ఉండాలి, డ్రైవరుది ఎగిరిపోవాలి. ఇంటిల్లిపాదినీ ఎక్కించి స్టీరింగు అతని చేతికిచ్చి నిద్రపోతాం మరి!

“అన్నీ పాలసీలో రాసే ఉన్నాయి కదండీ, చదువుకోకపోవడం మీ తప్పు” అనే పెద్దమనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఒప్పుకున్నాను, నా తప్పే. నవల రాసి బతికేదాన్ని నాలుగు పేజీలు చదవలేకపోవడం సిగ్గుచేటే. ఇప్పుడు చదివాను. రెండు రాత్రులు పట్టింది, డిక్షనరీ కావాల్సి వచ్చింది. మరి మా మెకానిక్కు చదవాలంటే? మార్కెట్టుకి టమాటాలు వేసుకుపోతూ రైతు తన సెకండ్‌హ్యాండు బండి పాలసీ చదవాలంటే? అయినా ఉప్పు కొంటే ఉప్పని చెప్పి అమ్ముతారు. ‘థర్డ్ పార్టీ’ అన్న పేరు విని మీ ఇంటివాళ్ళు కూడా అందులోనే ఉన్నారనుకోవడం చదువురానివాడి పొరపాటు కాదు. అలా అనుకోవద్దని డబ్బు పుచ్చుకునే ముందు నోరు తెరిచి చెప్పకపోవడం అమ్మేవాడి పొరపాటు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. చట్టం రోడ్డు మీది మనిషికి పరిమితి లేని రక్షణ ఇచ్చింది. ప్రాణం పోయినా గాయమైనా ట్రిబ్యునల్ ఎంత అంటే అంత. అది 1939 నాటి చట్టం నించీ వచ్చిన గొప్ప ఆలోచన, దాని జోలికి వెళ్ళొద్దు. కాని ఆ కనీసపు పాలసీ అమ్మేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగి తీరాలని పెట్టండి. “ఈ కారులో ఎవరెవరు కూర్చుంటారు?” ఇరవై మంది ఫోను చేశారన్నాను కదా, నా పుట్టినతేదీ అడిగారు, క్లెయిము లేనందుకు బోనసు ఎంతుందని అడిగారు, నామినీ పేరు అడిగారు, ఆఖరికి వాట్సాపు ఉందా అని కూడా అడిగారు. ఈ ఒక్కటీ అడగలేదు. అడిగి, జవాబు విని, “అయితే వాళ్ళకి ఇందులో ఏమీ రాదు” అని తెలుగులో చెప్పి, ఆ తర్వాత డబ్బు తీసుకోమనండి. వినీ కూడా చవకదే కొనేవాడు కొంటాడు, వాడి ఖర్మ. ఇది చెప్పించగల నియంత్రణ సంస్థ ఢిల్లీలోనో బొంబాయిలోనో లేదు. నానక్‌రాంగూడలో ఉంది. మా ఇంటి దగ్గర రింగు రోడ్డెక్కితే కాసేపట్లో వెళ్ళిపోవచ్చు. ఆ కాసేపూ కారులో కూర్చున్నవాళ్ళు ఎన్నో మనుషులో ఆ పెద్దలే చెప్పాలి.

ఈ ఏడాది గడువు వచ్చినప్పుడు ఫోను నేనే పట్టుకున్నాను. ఏజెంటు కుర్రాణ్ణి ఇంటికే రమ్మన్నాను. “రేటు తర్వాత చెప్పు బాబూ, ముందు సీట్లు లెక్కపెట్టు” అన్నాను. పాపం కంగారుపడి, రెండుసార్లు ఆఫీసుకి ఫోను చేసి, చివరికి ప్యాకేజీ పాలసీ రాశాడు. కారులో కూర్చునేవాళ్ళకి, తప్పెవరిదన్న వాదన లేకుండా, తలా లక్ష ప్రమాద బీమా కూడా కలపమన్నాను. నలుగురికీ కలిపి రెండు వందలు, పైన పన్ను. “ఇది ఎవరూ అడగరక్కా” అన్నాడు. మా వారు అడ్డు చెప్పలేదు. ఆయన తన పేరున విడిగా ప్రమాద బీమా తీసుకున్నారు. నేను ఎల్ బోర్డు తగిలించుకుని మా కాలనీ ఖాళీ స్థలంలో పొద్దున్నే తిరుగుతున్నాను, చూసి నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు.

డిసెంబరులో మనవడు సెలవలకి వస్తున్నాడని పిన్ని తెనాలి నించి దిగింది. చేతికర్ర వచ్చింది ఇప్పుడు. ఎక్కడానికి చెయ్యి ఇవ్వబోతే వద్దని, నెమ్మదిగా తనే వెనక సీటులో సర్దుకుని, బెల్టు లాగి పెట్టుకుంది.

“ఏమే, ఈసారి నన్ను రాయించావా?” అంది.

“రాయించాను పిన్నీ.”

“ఎంతయిందేమిటి?”

చెప్పాను.

“అంతేనా!” అని, కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చుంది.